కనుబొమ మీద గాటు

ఈ సంగతి రాసి మీ పత్రికకి పంపడం నాకిది మూడోసారి. మొదటిసారి పంపినప్పుడు అందినట్టు కబురు కూడా లేదు. రెండోసారి "వ్యక్తిగత ఫిర్యాదులు వేసుకోలేము" అని ఒక్క ముక్క రాశారు. ఇది ఫిర్యాదు కాదు, ఒక మనిషి గురించి అని ఫోన్ చేసి మరీ చెప్పాను. "సరేనండీ, చూస్తాం" అన్నారు. చూడలేదు. ఇప్పుడు ఆ మనిషి పోయాడు. పోయినవాళ్ల గురించి రాస్తే వేసుకుంటారని మా వీధిలో ఉండే మాస్టారొకాయన అన్నారు. అందుకని మళ్లీ రాస్తున్నాను.

ఆయన పోయినట్టు కూడా నాకెవరూ చెప్పలేదు. పోయిన నెల పని మీద ఏలూరు వెళ్తే పాత బస్టాండు దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో చూశాను. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఫ్లెక్సీలో ఉన్నది ఎవరో మొదట తెలియలేదు. బుగ్గలు నున్నగా ఉన్నాయి, జుట్టు నల్లగా ఉంది, ఒంటి మీద కోటు ఉంది. ఆయన జన్మలో కోటు తొడిగి ఎరగడు. కింద పేరు, 'చిత్రకారులు' అన్న మాట చదివాక గాని ఆయనని తెలియలేదు. ముఖంలో ఒక్క ముడత లేకుండా ఎవడో ఫోన్‌లో తుడిచేశాడు. నేను అక్కడే నిలబడి చాలాసేపు చూశాను. జనం ముఖాల్ని ఊహించి గీసిన మనిషికి చివరికి ఆయన ముఖాన్ని ఇంకెవరో ఊహించి పెట్టారు. అయ్యో అనిపించిందని చెప్పను. బాగా అయిందనీ చెప్పను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే వాళ్లమ్మాయి ఇక ఫోనే ఎత్తదు. ఇప్పటికే ఎత్తడం లేదు.

ఆయన చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. మాది కలిదిండి వైపు, కొల్లేటి ఒడ్డు ఊరు. సముద్రంలోకి పోయే ఉప్పుటేరు నీళ్లు లాగకపోతే కొల్లేరు వెనక్కి తన్ని మా ఇళ్లలోకి వస్తుంది. వచ్చిన నీళ్లు వారం పది రోజులు కదలవు. బియ్యం, గొడ్లు, పిల్లలు అన్నీ పైకి ఎక్కించుకుంటాం గాని గోడ మీద ఫోటోలు ఎవరికీ గుర్తు రావు. నీళ్లు తీశాక చూస్తే ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. ఊడదీస్తే ముఖం అద్దంతో వచ్చేస్తుంది. చీర అంచు ఉంటుంది, కుర్చీ ఉంటుంది, ముఖం ఉండదు. అలాంటి ఫోటోలన్నీ సంచిలో వేసుకుని జనం ఏలూరులో ఆయన కొట్టుకి వెళ్లేవాళ్లు. పోయిన ముఖాన్ని ఆయన మళ్లీ గీసి ఇచ్చేవాడు. ప్రతి వరద తర్వాతా రెండు మూడు నెలలు ఆయన మా ఊళ్లమ్మట తిరిగేవాడు. కొట్లో కూర్చుని గీయడు. ఇంటికి వచ్చి, ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి, అడిగి గీస్తాడు.

మా అమ్మ పోయేటప్పటికి నాకు నాలుగేళ్లు. ఆవిడకి ఇరవై మూడు. ఉన్నది ఒక్కటే ఫోటో, పెళ్లయిన కొత్తలో తీయించింది. గోడ మీద బాగా ఎత్తున, మసి పట్టిన అద్దం వెనక ఉండేది, కుర్చీ, నిలబడ్డ తీరు తప్ప ముఖం నాకెప్పుడూ సరిగ్గా ఆనలేదు. నేను ఏలూరులో డిగ్రీ చదివే రోజుల్లో వచ్చిన వరదకి అది పోయింది. నేను ఊరు చేరేసరికి నాన్న దాన్ని పాత పంచెలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. ఆ తర్వాత ఎవరినీ చూడనివ్వలేదు. కళ్ల పైన కాస్త మిగిలిందని నాన్న అనేవాడు. ఏమీ మిగల్లేదని మా మేనత్త అనేది. నాకు మాత్రం చూపించలేదు. చూసి బాధపడతానట. నా బాధ సంగతి వాళ్లే తేల్చేశారు.

ఆయన మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. తెల్ల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. అంత ఎండలోనూ చేతులు మడవలేదు. పంచెలోంచి ఫోటో తీసి కిటికీ దగ్గర నాకు వీపు పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వెనక పెన్సిలుతో నాన్న పేరు రాసుకుని, తన సంచిలో పెట్టేసుకున్నాడు. కింద పేపరు పరుచుకుని, బ్లేడుతో పెన్సిలు చెక్కి, ఆ పొట్టంతా పేపర్లోనే పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. పరాయి ఇంట్లో చెత్త వెయ్యనన్నాడు. భోజనానికి మజ్జిగన్నం తప్ప ముట్టలేదు. కూర తింటే వేళ్లకి జిడ్డు వదలదట. మనిషితో మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడడు, చెవి వైపు చూస్తాడు. నాకు అప్పుడే అనుమానం తగిలింది.

మా వాళ్లు అమ్మ ఎలా ఉండేదో వర్ణించబోయారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుర్తున్నది వద్దండీ. ఆవిడ చేసేది చెప్పండి చాలు."

"అంటే ఏంటండీ?" అంది మా అత్త.

"నీళ్లబిందె ఏ చంకన పెట్టుకునేవారండీ?"

"కుడి చంకన," అంది అత్త.

"ఎడమ," అన్నాడు నాన్న.

"నువ్వెప్పుడు చూశావన్నయ్యా? ఏనాడన్నా రేవుకొచ్చిన మొహమేనా."

"ఇంటికొచ్చాక బిందె దింపేది నేనే కదే."

"ఎడం చంకన పిల్లాడుండేవాడు," అంది నాయనమ్మ మంచం మీంచి. "బిందెకి కుడి చంకే మిగిలేది. ఇందులో వాదన ఏవుంది."

"అలాగా అండీ," అన్నాడాయన. ఎవరు ఏం చెప్పినా ఆయన అనేది అదొక్కటే. నమ్మినట్టు కాదు, నమ్మనట్టూ కాదు.

"కోపం వస్తే ఏం చేసేవారండీ?"

"మా కోడలికి కోపమే లేదండీ," అంది నాయనమ్మ.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "లేదా? కూరలో ఉప్పెక్కువైందని నువ్వంటే, రెండ్రోజులు ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలు వండి పెట్టింది. నోట్లోంచి ఒక్క మాట లేదు. వడ్డించడం మాత్రం ఎంత మర్యాదగా వడ్డించిందనీ."

అప్పుడు ఆయన పెన్సిలు కదిలింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఏ కన్ను మూసేది, పిలిస్తే ఎంత దూరం వినపడేది, నవ్వొస్తే తల వంచుకునేదా పక్కకి తిప్పుకునేదా, ఇలాంటివి ఒక పూటంతా అడిగాడు. ఒక్క దానికీ ముగ్గురూ ఒకటే సమాధానం చెప్పలేదు.

నన్ను మాత్రం ఒక్క ముక్క అడగలేదు. నాకూ చెప్పడానికి ఒకటి ఉంది. నాకు జ్వరం. అమ్మ గుమ్మంలో కూర్చుని గ్లాసులో జావ ఊదుతోంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నాకు ఉన్నదల్లా అంతే, అమ్మ మొత్తం అంతే. అది చెప్పాలని "నేనూ ఒకటి చెప్పాలండీ" అన్నాను.

"మీరు తర్వాత బాబుగారూ. కాస్త వెలుతురు వైపు తిరిగి కూర్చోండి." అని మా అత్త వైపు తిరిగి, "బాబుగారికి టీ ఇవ్వండమ్మా, ఎండన పడి వచ్చారు" అన్నాడు.

టీ వచ్చింది. తాగాను. కాసేపటికి మళ్లీ ఇప్పించాడు. సాయంత్రానికి ఆరు గ్లాసులు తాగాను. మొహమాటానికి తాగాను. నన్ను అడగలేదన్న బాధ తెలిసి మర్యాద చేస్తున్నాడనుకున్నాను. ఆయన సంచి సర్దుకుని బస్సుకి వెళ్లిపోయాడు. ఆయన అన్న 'తర్వాత' రానే లేదు.

రెండు వారాలకి బొమ్మ వచ్చింది. నాన్న బనీనుతో ఉన్నాడు. కాగితం విప్పి ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చి అప్పుడు మళ్లీ చూశాడు. నాయనమ్మ ఏడ్చింది. "అచ్చం మా వదినే," అంది అత్త. ఆ తర్వాత నా వైపు చూసి, "అబ్బాయిది తల్లి పోలికే సుమా, ఇన్నాళ్లూ మనం చూసుకోలేదు" అంది. అంతకు ముందు ఇరవై ఏళ్లూ నాది తండ్రి ముక్కు, తండ్రి గడ్డం అన్నవాళ్లే ఇంట్లో అందరూ. ఆ రోజు నుంచి నన్ను చూసిన ప్రతివాళ్లూ గోడ వైపు చూసి తల ఊపేవాళ్లు.

బొమ్మలో ఎడమ కనుబొమ మధ్య చిన్న గాటు ఉంది. వెంట్రుకలు లేని సన్నటి గీత. ఆ పూటంతా నేను అక్కడే కూర్చున్నాను, గాటు అన్న మాట ఎవరి నోటా రాలేదు. "ఇదెక్కడిది?" అన్నాను.

"చిన్నప్పుడు నూతి గిలక తగిలిందిరా," అంది అత్త వెంటనే.

మా అమ్మ పుట్టిల్లు అత్తిలి. పెళ్లికి ముందు మా అత్త అత్తిలి ముఖం చూసి ఎరగదు. "నీకెలా తెలుసు?" అంటే, "వదినే చెప్పింది" అంది. మరి ఆర్టిస్టు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదంటే, "ఆయన గుర్తున్నది వద్దన్నాడు కదా" అంది. నాన్నని అడిగితే చుట్ట వెలిగించుకున్నాడు. అత్తిలి వెళ్లి మా మేనమామనే అడిగాను. ఆయన పండక్కి వచ్చినప్పుడు బొమ్మ చూసి వెళ్లాడు.

"ఏమోరా, గిలక తగిలే ఉంటుంది. ఫోటోలో ఉందిగా," అన్నాడు.

అది ఫోటో కాదని ఆయనకి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అప్పటికే మా ఇంట్లో అందరూ దాన్ని ఫోటో అనే అంటున్నారు.

పదేళ్లు పోయాయి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్లో గుమాస్తాగా కుదిరాను. మా చెల్లెలి వరసయ్యే పిల్లకి సంబంధం చూడ్డానికి కలిదిండి దగ్గర ఒక ఇంటికి వెళ్లాం. గోడ మీద ఆ ఇంటి పెద్దాయన బొమ్మ ఉంది. ఆయన కొడుకు కాఫీ పట్టుకొచ్చాడు. అతన్నీ గోడనీ మార్చి మార్చి చూశాను. మీసం తీసేస్తే అదే ముఖం.

"ఏలూరు ఆర్టిస్టు గీశాడా అండీ?"

"ఆయ్. మీకెలా తెలిసిందండీ?"

"మీ చేత టీలు తాగించాడా?"

అతను నవ్వాడు. "నాలుగు గ్లాసులండీ. ఎందుకో అంత మర్యాద చేశారు. మా నాన్నగారికి మీసం లేదు గాని మీ పోలికే అన్నారు."

అప్పుడు అర్థమైంది. గ్లాసు ఎత్తినప్పుడల్లా మీసం కనపడదు. గ్లాసు పైన కళ్లు, ముక్కు, బుగ్గ ఎముకలు మిగులుతాయి. ఆయన చూసింది వాటిని. మా అమ్మని గురించి అడిగిన ప్రశ్నలన్నీ, తర్వాత వంక పెట్టకుండా మావాళ్ల నోళ్లు నొక్కడానికి. గీసింది నన్ను. ఆ సంబంధం మాటలు ఏమయ్యాయో నాకు గుర్తు లేదు. మర్నాడే ఏలూరు వెళ్లాను.

ఆయన కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉండేది. తల వంచి లోపలికి దూరాలి. గోడ నిండా పోయినవాళ్లే. నేను ఎవరినో చెప్పాను. టీ సంగతి చెప్పాను. ఏ మాత్రం తడబడలేదు.

"అవునండీ," అన్నాడు.

"అదేమిటండీ? మా అమ్మని గీయమంటే నన్ను గీశారా?"

"మీ అమ్మగారి ముక్కు ఎక్కడికి పోతుందండీ? మీ దగ్గరే ఉండాలి కదా. ఉన్నచోటు నుంచి తీసుకున్నాను."

"మరి ఆ ప్రశ్నలన్నీ ఎందుకు?"

"ముక్కు మీ దగ్గర దొరికింది. ఆవిడ ముక్కుతో ఏం చేసేవారో మీ దగ్గర దొరకదు కదండీ. రెండ్రోజులు చప్పిడి కూర వడ్డించిన మనిషి పెదవి ఒకలా ఉంటుంది. అది ఊహించుకోవాలి. ఊహ అంటే లేనిది తేవడం అనుకుంటారండీ జనం. నాకు చేతనైంది, ఉన్నవాటిని ఒక చోట కూర్చోబెట్టడమే."

మాట బాగుంది. బాగున్న మాటలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. "సరే, కనుబొమ మీద గాటు ఎక్కడ దొరికింది? నాకు లేదు. మావాళ్లు చెప్పలేదు."

"అయితే ఫోటోలో ఉండుంటుందండీ."

"ఫోటోలో ముఖమే లేదన్నారు."

"అలాగా అండీ," అన్నాడు.

ఆ మాటకి ఒళ్లు మండింది. అసలు ఫోటో ఇచ్చెయ్యమన్నాను. అటక మీద పెట్టెలో ఉన్నాయనీ, ఊళ్లన్నీ కలిసిపోయాయనీ, దసరా వెళ్లాక దింపి చూస్తాననీ అన్నాడు. దసరా వెళ్లాక వెళ్లాను. సంక్రాంతి అన్నాడు. అయిదుసార్లు తిరిగాను. అయిదోసారి కొట్టుకి తాళం ఉంది. ఉత్తరాలు రాశాను, రిజిస్టరు పోస్టులో. సంతకం పెట్టి తీసుకున్నాడు, జవాబు మాత్రం లేదు.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను. ద్వారకా తిరుమలలో, తలనీలాలు ఇచ్చి బయటికొచ్చే దారి పక్కన, కొట్ల నీడలో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దర్శనానికి వచ్చినవాడిలా లేడు. గుండ్లతో బయటికొచ్చే కుటుంబాల్ని ఒక్కొక్కర్నీ చూస్తున్నాడు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. అప్పటికి ముసలితనం వచ్చేసింది, చొక్కా చేతులు మాత్రం మణికట్టు దాకానే.

"జుట్టు తీస్తే తెలిసిపోతుందండీ, ఎవరు ఎవరి పిల్లలో," అన్నాడు, నేనేదో అడిగినట్టు. తర్వాత నా చెవి వైపు చూసి, "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ" అన్నాడు.

"మా ఇంటి గోడ మీద," అన్నాను.

"అలాగా అండీ."

మా అమ్మ అని చెప్పి నా ముఖం గీసిన మనిషి నన్ను గుర్తుపట్టలేదు. దీన్ని నేను ఎవరికి చెప్పుకున్నా నవ్వారు.

ఈ మధ్య నాకు తమ్ముడి వరసయ్యే అతని కొడుకు ఆ బొమ్మని ఫోన్‌లో పెట్టి ఏదో చేశాడు. అమ్మ కళ్లు ఆర్పింది. తల తిప్పింది. పళ్లు కనపడేలా నవ్వింది. "చూడు పెదనాన్నా, నాయనమ్మ బతికొచ్చింది," అన్నాడు. తియ్యరా అని కసిరాను. వాడు నొచ్చుకున్నాడు. ఆ ఫోను ఎవరినీ ఏమీ అడగలేదు. బిందె ఏ చంకనో దానికి అక్కర్లేదు. చప్పిడి కూర సంగతి తెలియదు. రెండు రోజులు పళ్లు బిగించి వడ్డించిన ఆవిడ చేత అలా ఇకిలింపజేసింది. ఆ క్షణంలో ఏలూరాయన మీద నాకున్న కోపం కాస్త సడలింది, ఒప్పుకుంటాను. ఆయన కనీసం ఒక పూట కూర్చుని అడిగాడు. కాని ఆయన చేసిందీ ఇదీ వేరు వేరని గట్టిగా చెప్పాలంటే నాకు ఒక సంగతి తెలియాలి. ఆ గాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

జనానికి ఇది చిన్న సంగతిలా ఉంటుంది. కనుబొమ మీద సన్నటి గీత, అంతే కదా అంటారు. నాకున్న చిక్కు ఏమిటో చెబుతాను. జ్వరంగా ఉన్నప్పుడు అమ్మ జావ ఊదిన జ్ఞాపకం నాది. ఎవరూ ఇచ్చింది కాదు. ఆయన అడిగి ఉంటే, ఆ రోజు అందులో ముఖం ఎలా ఉండేదో చెప్పేవాణ్ణి. ఇప్పుడు కళ్లు మూసుకుని చూస్తే జావ ఊదుతున్న అమ్మకి కూడా ఎడమ కనుబొమ మీద గాటు ఉంది. అది మొదటి నుంచీ ఉందో, గోడ మీద నుంచి వచ్చి చేరిందో తేల్చుకోలేకపోతున్నాను. గాటు నిజమైతే, అక్కడ ఉన్నది మా అమ్మే, నేను చూసిందీ మా అమ్మనే. ఆయన పెట్టిందైతే, నాకు మిగిలిన ఆ ఒక్క జావ గ్లాసు వెనక కూర్చున్నది ఎవరు? టీ గ్లాసు పట్టుకున్న నేనేనా?

నాన్న లేడు. నాయనమ్మ లేదు. మేనమామ లేడు. అత్తకి ఎనభై దాటాయి, అడిగిన ప్రతిసారీ గిలక కథకి ఒక కొత్త ముక్క కలుపుతుంది. మొన్న ఆ నూతి పక్కన సన్నజాజి పందిరి కూడా ఉండేదంది. ఇక అడగడానికి మిగిలింది ఆ ఫోటో ఒక్కటే.

ఫ్లెక్సీ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే వాళ్లమ్మాయి ఎత్తింది. ఏలూరులోనే టీచరు. మర్యాదగానే మాట్లాడింది. "పెట్టెలు ఉన్నాయండీ, చూసి చెబుతాను" అంది. అది జరిగి ఇరవై రోజులైంది. తర్వాత చేసిన ఫోన్లు ఎత్తలేదు. వాట్సాప్‌లో పెట్టిన మెసేజీలకి నీలం టిక్కులు పడుతున్నాయి, చదువుతోందన్నమాట. చదివీ ఎందుకు చెప్పడం లేదు? ఫోటో లేకపోతే లేదనడానికి ఎంతసేపు? ఉండి, అందులో గాటు లేకపోతే, నాన్నగారి పరువు పోతుందని దాస్తోందా?

అమ్మా, మీ నాన్నగారి మీద నేనేమీ కేసు పెట్టను. ఇదైనా అచ్చయితే చదవండి. కొల్లేటి ఊళ్ల పెట్టెలో, చెక్క కుర్చీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డ ఒక అమ్మాయి ఫోటో ఉంటుంది. వెనక మా నాన్న పేరు పెన్సిలుతో రాసి ఉంటుంది. ముఖం ఉండకపోవచ్చు. మీరు నాకు పోస్టులో పంపనక్కర్లేదు, ఇంటికి రమ్మననూ అక్కర్లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎడమ కన్ను ఉండాల్సిన చోట పైన కాస్త చూడండి. గీత ఉందా, లేదా? రెండింటిలో ఏదైనా ఫరవాలేదు, అలాగా అండీ అని మాత్రం అనకండి. ఉందనో లేదనో, ఒక్క మాట చెప్పండి.